బెంగళూరు మీదుగా వార్త, పాఠం

వార్తాపత్రిక, పాఠశాల – ఈ రెండింటి పనితీరును డిజిటల్ సాంకేతికత ఎంతగా మార్చివేసిందో గ్రహించడానికి సరిహద్దు జిల్లాల వారు దూరం పోనక్కరలేదు. ఆ మార్పులలో అనేకం పొరుగున ఉన్న బెంగళూరులోనే రూపుదిద్దుకున్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం కర్ణాటకలో తెలుగు మాతృభాషగా గలవారు 35 లక్షలకు పైబడి ఉన్నారు. వారికీ, సరిహద్దుకు ఇవతల ఉన్న మనకూ ఈ మార్పు ఏమి ఇచ్చిందో, ఏమి ఇవ్వలేదో పరిశీలించదగినది.

ఒకప్పుడు మండల కేంద్రంలోని విలేకరి కాగితంపై వార్త రాసి, కవరులో పెట్టి, బస్సులో జిల్లా కేంద్రానికి పంపేవాడు. తరువాత ఫ్యాక్సు, ఆపైన ఈ-మెయిలు వచ్చాయి. ‘ఈనాడు’ 1989లో ప్రారంభించిన జిల్లా అనుబంధాలతో పల్లె వార్తకు అచ్చులో చోటు పెరిగింది. అంతర్జాలంలోకి వచ్చిన తొలినాళ్లలో తెలుగు పత్రికలు తలా ఒక సొంత ఫాంటు వాడేవి. అది లేని కంప్యూటరులో అక్షరాలకు బదులు అర్థంకాని గుర్తులు కనిపించేవి. యూనికోడ్ వ్యాప్తితో ఆ చిక్కు తీరింది.

భారతీయ లిపులను చూపలేని ఆనాటి సాదా సెల్‌ఫోన్లలో సైతం తెలుగు వార్తలను చదివించినది 2009లో వచ్చిన ‘న్యూస్‌హంట్’. దానిని 2012లో స్వీకరించిన వెర్సే ఇన్నోవేషన్ సంస్థ బెంగళూరు కేంద్రంగా పనిచేస్తున్నది. 2015లో దాని పేరు ‘డెయిలీహంట్’గా మారింది. ఇది ప్రధానంగా ఇతర పత్రికల వార్తలను ఒకచోట చేర్చి అందించే వేదిక. అనగా చేరవేత కొత్తది, సేకరణ మాత్రం పాత విలేకరిదే. సొంత విలేకరులతో దక్షిణాది రాష్ట్రాల వార్తలు అందించే ‘ది న్యూస్ మినిట్’ 2014లో బెంగళూరులోనే ఆరంభమైంది, కాని దాని భాష ఆంగ్లం.

సరిహద్దు పాఠకునికి ఎదురయ్యే ఇబ్బంది ఇక్కడే ఉన్నది. ఫోనులో తెలుగు ఎంచుకుంటే హైదరాబాదు, విజయవాడ వార్తలు వెల్లువెత్తుతాయి. కోలారు మార్కెట్టు యార్డు సంగతులు సాధారణంగా కన్నడంలోనే ఉంటాయి. మదనపల్లె టమోటా రైతుకు కోలారు ధర ఎంత ముఖ్యమో చెప్పనక్కరలేదు. భాషను బట్టి వార్తలను విభజించే యంత్రానికి ఆ అవసరం తెలియదు. ఈ లోటును తీర్చగలిగినవి చిన్న పత్రికలే అని నా అభిప్రాయం.

చదువు విషయంలో పునాది మరింత పాతది. బెంగళూరు ప్రధాన కార్యాలయంగా గల ఇస్రో 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుండి ‘ఎడ్యుశాట్’ను ప్రయోగించింది. విద్య కొరకే ఉద్దేశించిన ఆ ఉపగ్రహం 2010 వరకు సేవలందించింది. 2003లో మొదలైన ‘ఎన్‌పీటెల్’ ద్వారా ఐఐటీలతో పాటు బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పాఠాలు కూడా ఇంటి నుండే వినే అవకాశం కలిగింది. 2017 సెప్టెంబరు 5న ఆరంభమైన ‘దీక్షా’ వేదికకు ఆధారమైన ‘సన్‌బర్డ్’ సాఫ్ట్‌వేరు బెంగళూరులోని ఏక్‌స్టెప్ ఫౌండేషన్ చేతిలో రూపొందినదే. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడుకు ఫోను చూపితే సంబంధిత పాఠం తెరుచుకుంటుంది. కెమెరా సరిగా పనిచేయకపోతే, కోడు కింద అచ్చయిన ఆరు అక్షరాల సంకేతం టైపు చేసినా చాలు. ఈ చిన్న సదుపాయం ఎందరో తల్లిదండ్రులకు తెలియదు.

2020 మార్చిలో బడులు మూతపడినప్పుడు ఈ ఏర్పాట్లన్నింటికీ పరీక్ష ఎదురైంది. కర్ణాటక ప్రభుత్వం ఆ ఆగస్టులో ‘విద్యాగమ’ చేపట్టి పిల్లలను మూడు వర్గాలుగా గుర్తించింది: అంతర్జాలం గల ఫోను ఉన్నవారు, సాదా ఫోను ఉన్నవారు, ఏదీ లేనివారు. ఉపాధ్యాయులు ఊరూరా తిరిగి గుడి అరుగుల మీద, చెట్ల నీడన చదువు చెప్పారు. కరోనా సోకుతున్నదన్న ఆందోళనతో అక్టోబరులో దానిని ఆపివేశారు. అదే కాలంలో విపరీతంగా పెరిగిన బెంగళూరు సంస్థ ‘బైజూస్’ విలువ 2022లో 2,200 కోట్ల డాలర్లుగా లెక్కకు వచ్చింది. 2024 జులైలో అది దివాలా ప్రక్రియకు చేరింది.

‘దీక్షా’లో బోర్డు, మాధ్యమం, తరగతి ఎవరికి వారే ఎంచుకోవచ్చు. కర్ణాటకలో తెలుగు చదివే పిల్లవాడు ఆంధ్రప్రదేశ్ బోర్డును ఎంచుకుని మన తెలుగు పాఠాలు వినవచ్చు. అయితే రెండు రాష్ట్రాల పాఠ్యప్రణాళికలు వేరు. ఏ పాఠం తన పుస్తకానికి సరిపోతుందో ఆ పిల్లవానికి చూపించవలసినది తరగతి ఉపాధ్యాయుడే.