నెలకో సంచిక, ముందే వేసుకున్న మలుపు

చార్లెస్ డికెన్స్ పెద్ద నవలలు చాలావరకు నెలనెలా వచ్చే విడి సంచికలుగా వెలువడ్డాయి. ఒక్కో సంచికకు 32 పేజీలు, వెల ఒక షిల్లింగు. తొలిరోజుల్లో, అంటే 1836లో మొదలైన ‘పిక్‌విక్ పేపర్స్’ నాటికి, కథ తోచినట్టు సాగిపోయేది. 1846లో ‘డాంబీ అండ్ సన్’తో ఆ పద్ధతి మారింది.

అప్పటినుంచి సంచికకో కాగితం. దాన్ని రెండు భాగాలు చేసి, ఎడమవైపు తనకు తానే ప్రశ్నలు వేసుకునేవాడు: ఫలానా పాత్రను ఇప్పుడు తేవాలా, ఆ రహస్యం ఇక్కడే బయటపెట్టాలా? పక్కనే సరేననో, వద్దనో, ఇంకా ఆగాలనో జవాబు. కుడివైపు అధ్యాయాల పేర్లు, వాటిలో జరగాల్సినవి. కథలో ఉద్విగ్నతను పెంచే పనిలో సగం ఈ ‘ఇంకా ఆగాలి’ దగ్గరే జరిగిందనాలి. ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’లో డోరా మరణం పదిహేడో సంచికదాకా రాదు.

‘డాంబీ’లో లెక్క మరీ సాహసం. ఇరవై భాగాల నవలలో చిన్నారి పాల్‌ను అయిదో సంచిక చివరే చంపేశాడు. పాఠకుల మమకారమంతా వాడి మీదే ఉంది. దాన్ని అక్క ఫ్లోరెన్స్ వైపు మళ్లించడం ఆరో సంచిక పని.

వారపత్రికల్లో ఇంత చోటు ఉండేది కాదు; ‘హార్డ్ టైమ్స్’ రాసేటప్పుడు ఆ ఇరుకు గురించి ఆయన వాపోయాడు. ఈ ప్రణాళికా పత్రాల్లో చాలావరకు ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి.