ఉత్తర తెలంగాణలో చరిత్ర స్మరణ, సయోధ్య

పూర్వపు ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల్లో ఇరవయ్యో శతాబ్దపు ఘర్షణలను ప్రజలు, ప్రభుత్వాలు ఎలా గుర్తుపెట్టుకున్నారో, ఆ జ్ఞాపకాల మీద బహిరంగంగా మాట్లాడుకుని తెగిన సంబంధాలను కలుపుకోవడానికి ఏయే ప్రయత్నాలు జరిగాయో ఈ వ్యాసం చెబుతుంది. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనలో ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది. కరీంనగర్ కూడా ముక్కలై, కొన్ని మండలాలు పొరుగు జిల్లాల్లో కలిశాయి. ఇక్కడి తగాదా రెండు దేశాల మధ్యది కాదు. ఒకే సంతకు వచ్చేవాళ్ల మధ్యది. భూమి ఎవరిది, అడవి ఎవరిది, చనిపోయినవాళ్లను ఏమని పిలవాలి అన్నవే దాని ప్రశ్నలు. అందుకే ఇక్కడ సయోధ్య ప్రయత్నాలు ఒప్పంద పత్రాలతో కాక ఒక జాతరతో, ఒక బడితో మొదలయ్యాయి.

కేస్లాపూర్ దర్బార్, మార్లవాయి బడి

జల్, జంగల్, జమీన్ కోసం నిజాం ప్రభుత్వంతో పోరాడిన గోండు నాయకుడు కుమురం భీము 1940లో జోడేఘాట్ కొండల్లో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఆ మరణానికి అచ్చులో ఒకటికి మించిన తేదీలు కనిపిస్తాయి. ఆదివాసీలు వాటి జోలికి పోరు. వాళ్ల లెక్క తిథి లెక్క. ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడు జోడేఘాట్‌లో వర్ధంతి జరుపుతారు, ప్రభుత్వమూ ఇప్పుడు ఆ తిథినే పాటిస్తోంది. ఒక సమాజం తన కాలమానాన్నే ప్రభుత్వ క్యాలెండరులోకి ఎక్కించడం చిన్న విషయం కాదు.

తిరుగుబాటు అణిగిపోయాక, అసలు గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వానికి అనిపించింది. ఆ పని ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్‌కు అప్పగించింది. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రుదేశపు పౌరుడిగా లెక్కకొచ్చి హైదరాబాద్ సంస్థానంలో ఉండిపోయిన మనిషి ఆయన. భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయి గూడెంలో ఇల్లు వేసుకుని, గోండీ నేర్చుకుని, వాళ్ల మధ్యనే ఉన్నాడు. తేల్చిన కారణాలు మూడే: చేతులు మారిన భూమి, అటవీశాఖ వేధింపులు, అధికారికి అర్జీదారు భాష రాకపోవడం.

ఈ మూడో కారణానికి విరుగుడుగానే 1942లో నాగోబా దర్బార్ మొదలైంది. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో మెస్రం వంశస్థులు జరిపే నాగోబా జాతరకు ఊరూరి గోండులు ఎటూ వస్తారు. వాళ్లను కచేరీకి రమ్మనడం కాకుండా కచేరీనే జాతరకు తేవాలన్నది హైమెండార్ఫ్ ఆలోచన. పటేళ్లు, పెద్దలు లేచి నిలబడి పట్టాల గురించీ, నీళ్ల గురించీ అందరి ముందు అడుగుతారు. అధికారి అందరి ముందే జవాబు చెప్పాలి. నిజాం పోయినా, రాష్ట్రాలు మారినా ఈ దర్బార్ నిలిచింది. ఈనాటికీ కలెక్టరు, మంత్రులు అక్కడికి వస్తారు. ఇచ్చిన హామీలన్నీ నెరవేరాయని ఎవరూ అనలేరు. కానీ ఏటా ఒకే చోట, ఒకే తిథికి, అడిగే హక్కు ఉన్న సభ ఇంతకాలం సాగడం ఈ ప్రాంతానికి దక్కిన అరుదైన ఆస్తి.

రెండోది బడి. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. అక్షరం వచ్చిన గోండు యువకులను వెతికి, వాళ్లకే తర్ఫీదు ఇచ్చి, తమ గూడేలకే పంతుళ్లుగా పంపారు. మొదటి వాచకాలను గోండీ భాషలోనే తయారుచేశారు, వాటికి దేవనాగరి లిపి వాడారు. బడిలో పిల్లలు మొదట చదివింది తమ ఊరి మాట, తమ వాళ్ల కథ. ఆ రోజుల్లో ఉట్నూరులో గిరిజనుల కోసం పనిచేసిన ప్రత్యేకాధికారి సేతుమాధవరావు పగడి గోండీ నేర్చి ఆదిలాబాద్ గోండుల మీద పుస్తకం రాశాడు. తర్వాత చరిత్రకారుడిగా పేరు తెచ్చుకున్నాడు. భూమి పట్టాలు రాయించే అధికారే వినే చెవి కూడా అయితే పాలన ఎలా ఉంటుందో ఆ కొద్ది సంవత్సరాలు చూపించాయి. పాలన భాషలు మారుతూ వచ్చాక గోండీ బడి తన స్వరూపం కోల్పోయింది. హైమెండార్ఫ్ దంపతుల సమాధులు మార్లవాయిలోనే ఉన్నాయి. బెట్టీ కన్నుమూసిన జనవరి 11న ఏటా అక్కడ వాళ్లను తలుచుకుంటారు.

ఇంద్రవెల్లి స్థూపం

పట్టాలు ఇచ్చినా భూమి ఆగలేదు. గిరిజనేతరుల వలస పెరిగింది. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీ కాకుండా కట్టుదిట్టం చేసిన 1970 నాటి సవరణ, జనం నోట 1/70 చట్టం, పుస్తకంలో బలంగానే ఉన్నా పొలం గట్టు మీద బలహీనపడింది. 1981 ఏప్రిల్ 20, సోమవారం, ఇంద్రవెల్లి సంత రోజు. గిరిజన రైతు కూలీ సంఘం తలపెట్టిన సభకు అనుమతి లేదన్న సంగతి చాలా గూడేలకు చేరనేలేదు. సంతకు వచ్చినవాళ్లూ, సభకు వచ్చినవాళ్లూ ఒకే గుంపయ్యారు. పోలీసులు కాల్పులు జరిపారు. మృతులు 13 మంది అని ప్రభుత్వం చెప్పింది. పౌరహక్కుల సంఘాలు దానికి ఎన్నో రెట్ల సంఖ్య చెప్పాయి. ఈ రెండు లెక్కలూ ఈనాటికీ కలవలేదు.

చనిపోయినవాళ్ల కోసం కట్టిన స్థూపాన్ని 1986లో కూల్చేశారు. మరుసటి ఏడాది మళ్లీ కట్టారు. కానీ ఏప్రిల్ 20 వస్తే ఇంద్రవెల్లిలో 144 సెక్షన్ పెట్టడం దశాబ్దాలపాటు ఆనవాయితీగా మారింది. ఆ రోజు స్థూపం దగ్గరికి పోవాలంటే పోలీసులను దాటుకుని పోవాల్సి వచ్చేది. తల్లిదండ్రుల వర్ధంతికి పూలు పెట్టడానికీ అనుమతి అడగవలసి వస్తే ఆ మనసులో ఏం మిగులుతుందో ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు. 2024 ఫిబ్రవరి 2న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి స్థూపానికి నివాళులర్పించి స్మృతివనానికి శంకుస్థాపన చేశారు. ప్రభుత్వాధినేత ఆ రాయి ముందు తల వంచడానికి దాదాపు 43 ఏళ్లు పట్టింది. మృతుల పూర్తి జాబితా పని దానికన్నా కష్టమైంది, దానికన్నా అవసరమైంది.

కరీంనగర్: నిజనిర్ధారణ నుంచి చర్చల దాకా

కరీంనగర్ కథకు మధ్యలో దొరల గడీ ఉంటుంది. 1978 సెప్టెంబరులో జగిత్యాల పట్టణంలో వేలమంది రైతుకూలీలు కదిలిన జైత్రయాత్ర, ఊళ్లలో దొరల మీద సాంఘిక బహిష్కరణ, ఆ వెంటనే అక్టోబరులో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం ఒకదాని వెంట ఒకటి జరిగిపోయాయి. అక్కడి నుంచి పాతికేళ్లు ఈ జిల్లాలో ఎన్‌కౌంటరు అనే మాట, ఇన్‌ఫార్మరు అనే మాట వినని ఊరు దాదాపు లేదు. ఒకే వాడలో ఒక ఇంటి కొడుకును పోలీసులు చంపారు, పక్కింటి తండ్రిని నక్సలైట్ల దళం చంపింది. ఇద్దరి తల్లులూ ఒకే బోరింగు దగ్గర నీళ్లు పట్టుకున్నారు.

ఈ కాలానికి చరిత్ర మొదట రాసింది విశ్వవిద్యాలయాలు కాదు, నిజనిర్ధారణ కమిటీలు. సంఘటన జరిగిన ఊరికి పోయి, అందరినీ అడిగి, విన్నది విన్నట్టు కరపత్రంగా అచ్చువేయడం పౌరహక్కుల సంఘం పని. వరంగల్ కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పిన కె. బాలగోపాల్ ఆ పద్ధతిని ఒక విద్యగా మార్చాడు. రాజ్యం హింసతోపాటు ఉద్యమాల హింసనూ ప్రశ్నించాలా అన్న చర్చ ముదిరి, 1998లో మానవ హక్కుల వేదిక విడిగా ఏర్పడింది. చీలికగా మాత్రమే దాన్ని చూడడం సరికాదు. పక్కింటి తండ్రి చావును కూడా కాగితం మీదికి తెచ్చిన మలుపు అది.

1997లో ఏర్పడిన పౌరస్పందన వేదిక ఇంకో మెట్టు ఎక్కింది. విశ్రాంత ఐ.ఏ.ఎస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్ దానికి కన్వీనరు. 1987లో తూర్పు గోదావరి అడవుల్లో నక్సలైట్లు కిడ్నాప్ చేసి వదిలేసిన అధికారుల్లో ఆయనా ఒకరు. ఆ అనుభవం తర్వాత కూడా ఆయన వాళ్లతో మాట్లాడాలనే అన్నాడు. ప్రొఫెసర్ హరగోపాల్, పాత్రికేయుడు పొత్తూరి వెంకటేశ్వరరావు వంటివారు ఆయనతో నడిచారు. వేదిక సభ్యులు కరీంనగర్ వంటి జిల్లాల్లో ఊళ్లు తిరిగారు. ఎన్‌కౌంటర్లలో పోయినవాళ్ల కుటుంబాలనూ, నక్సలైట్ల చేతిలో పోయినవాళ్ల కుటుంబాలనూ కలిశారు. ప్రభుత్వానికీ, నక్సలైట్ పార్టీకీ ఒకే ప్రశ్నలతో లేఖలు రాశారు, వచ్చిన జవాబులను ప్రజల ముందు పెట్టారు. గెలిచేదెవరు అన్న ప్రశ్నను పక్కన పెట్టి, బతికే హక్కు పల్లెలో మిగిలిందా అని అడిగారు.

ఆ పని ఫలించి 2004 అక్టోబరు 15 నుంచి 18 దాకా హైదరాబాద్‌లోని మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల అభివృద్ధి సంస్థలో చర్చలు జరిగాయి. హోంమంత్రి జానారెడ్డి ప్రభుత్వం పక్షాన, రామకృష్ణ నాయకత్వంలో మావోయిస్టులు, అమర్, రియాజ్ మరో నక్సలైట్ పార్టీ జనశక్తి పక్షాన కూర్చున్నారు. జనశక్తికి సిరిసిల్ల పట్టు ప్రాంతం కాబట్టి కరీంనగర్ పల్లెలు ఆ నాలుగు రోజులు రేడియోలకు, టీవీలకు అతుక్కుపోయాయి. భూమి పంపిణీ, ఆయుధాల సంగతి, పౌరహక్కులు చర్చకు వచ్చాయి. ఎన్‌కౌంటర్లు తిరిగి మొదలై, 2005 జనవరిలో మావోయిస్టులు తప్పుకున్నారు. ఆగస్టులో శాసనసభ్యుడు నర్సిరెడ్డి హత్య తర్వాత మావోయిస్టు పార్టీ మీద నిషేధం మళ్లీ వచ్చింది. విఫలమైన చర్చలుగానే వీటిని రాస్తారు. కాల్పులు ఆగిన ఆ కొద్ది నెలల్లో ఊళ్లు ఎలా ఊపిరి పీల్చుకున్నాయో కూడా రాయాలి.

సెప్టెంబరు 17

1948లో ఈ తేదీన హైదరాబాద్ సంస్థానం భారత సైన్యానికి లొంగిపోయింది. విమోచనమా, విలీనమా, విద్రోహమా అన్న వాదన అప్పటి నుంచీ ఉంది. పూర్వపు కరీంనగర్ జిల్లా హుస్నాబాద్ దగ్గర మహ్మదాపురం గుట్టల్లో 1948 మార్చి 14న అనభేరి ప్రభాకరరావు, సింగిరెడ్డి భూపతిరెడ్డి, వాళ్ల సహచరులు నిజాం పోలీసుల తూటాలకు బలయ్యారు. ఆ ఊళ్లకు విమోచన అన్న మాటలో అర్థముంది. సైనిక చర్య తర్వాత ముస్లింల మీద జరిగిన హింసను విచారించడానికి నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ, సంస్థానం మొత్తం మీద 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఎక్కువ నష్టం జరిగినవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు. నాందేడ్ ఆదిలాబాద్‌కు సరిహద్దు. ఆ నివేదిక 2013 దాకా వెలుగు చూడలేదు. ఒక పక్క దుఃఖం సభల్లో వినిపించి, రెండో పక్కది బీరువాలో ఉండిపోతే, బడిలో చెప్పే చరిత్ర ఎంత మంచి పుస్తకమైనా సగమే.

2022లో ఒకే రోజును కేంద్రం విమోచన దినంగా, రాష్ట్రం జాతీయ సమైక్యతా దినంగా జరిపాయి. 2024లో రాష్ట్రం దాన్ని ప్రజాపాలన దినోత్సవం అంది. అంతకు ముందు 2021లో ఇదే రోజున అమిత్ షా సభ నిర్మల్‌లో జరిగింది. అక్కడి మర్రిచెట్టుకు 1860లో తిరుగుబాటు చేసిన రాంజీ గోండునూ, వెయ్యిమంది అనుచరులనూ ఉరితీశారని జనశ్రుతి. ఆ దళంలో గోండులతోపాటు ముస్లింలైన రోహిల్లాలూ ఉన్నారన్నది ఆ కథలో విడదీయరాని భాగం. సభల్లో మాత్రం అది తక్కువగా వినిపిస్తుంది.

పుస్తకం, తెర, గుంజాల ప్రతులు

కుమురం భీమును తెలుగు పాఠకులకు దగ్గర చేసింది పాఠ్యపుస్తకం కాదు, 1983లో అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన నవల. అల్లాని శ్రీధర్ తీసిన సినిమా ఆ తర్వాతిది. బడి పుస్తకాల్లో భీముకు తగిన చోటు రాష్ట్రావతరణ రోజుల్లో గానీ దొరకలేదు. 2016లో జోడేఘాట్‌లో స్మారకం, మ్యూజియం తెరిచారు. అదే ఏడాది జిల్లాకు ఆయన పేరు పెట్టారు. 2020 అక్టోబరులో ఆర్ఆర్ఆర్ సినిమా టీజరులో భీము పాత్ర టోపీతో కనిపించినప్పుడు ఆదిలాబాద్‌లో అభ్యంతరాలు లేచాయి. కల్పిత కథ అని దర్శకుడు చెప్పినా, ఇంకా పూర్తిగా రాయని చరిత్ర మీద కల్పన వచ్చి కూర్చుంటే ఆ సమాజం ఉలిక్కిపడడం సహజం.

ఇంతకన్నా మేలు చేసిన పని నార్నూరు మండలం గుంజాలలో జరిగింది. అక్కడ దొరికిన గోండీ లిపి ప్రతులను ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం అధ్యయనం చేసింది. లిపిని ఎరిగిన ఊరి పెద్దలే గురువులయ్యారు. వాచకాలు వచ్చాయి, కొన్ని ఏజెన్సీ బడుల్లో నేర్పారు, 2018లో ఆ లిపి యూనికోడ్‌లోకి ఎక్కింది. గోండుల కథాగాయకులైన ప్రధానుల నోట, వాళ్ల కిక్రి వాద్యం మీద మాత్రమే బతికిందనుకున్న చరిత్రకు కాగితం కూడా ఉందని తేలింది.

ఆదివాసీలు, లంబాడాలు, జైనూరు

1976 సవరణ చట్టం తెలంగాణ లంబాడాలను షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చింది. మహారాష్ట్రలో ఆ హోదా లేకపోవడంతో అక్కడి నుంచి వలసలు పెరిగి తమ ఉద్యోగాలు, భూములు పోయాయని ఆదివాసీల వాదన. కోస్తా, రాయలసీమల్లో తమవాళ్లకు ముందే ఉన్న హక్కే తమకు ఆలస్యంగా దక్కిందని లంబాడాల వాదన. 2017లో ఇది జోడేఘాట్ మ్యూజియం మీద వివాదంగా రాజుకుంది. లంబాడా ఉపాధ్యాయులను గూడేల బడులకు రావద్దని ఆదివాసీలు అన్నారు. డిసెంబరులో ఉట్నూరు పరిసరాల్లో ఘర్షణలు జరిగి ఇంటర్నెట్ ఆపాల్సి వచ్చింది. రెండు పక్షాలకూ దెబ్బ తగిలిన అనుభవముంది. ఒకరిది పోయిన భూమి, ఇంకొకరిది నేరస్థ తెగలని ముద్ర వేయించుకున్న గతం. ఈ రెంటినీ కలిపి చెప్పే పాఠం రాయవలసిన చోటే పంతుళ్లకు బడి తలుపులు మూసుకున్నాయి. గోండుల సంప్రదాయ పంచాయితీలైన రాయి సెంటర్లు తమవాళ్ల తగవులు తీర్చడంలో దిట్టలు. లంబాడా తండా పెద్దలతో కలిసి కూర్చునే ఉమ్మడి పంచాయితీ మాత్రం ఇంకా స్థిరపడలేదు.

2024 ఆగస్టు చివర్లో జైనూరు ప్రాంతంలో ఒక ఆదివాసీ మహిళపై దాడి జరిగింది. సెప్టెంబరులో అది ఆదివాసీలు, ముస్లింల మధ్య హింసగా మారింది. దుకాణాలు తగలబడ్డాయి, నిషేధాజ్ఞలు వచ్చాయి, ఇంటర్నెట్ మళ్లీ ఆగింది. 1943లో గోండు పంతుళ్ల మొదటి బడి పెట్టిన మార్లవాయి ఈ జైనూరు మండలంలోనిదే.