బోనులో నిలబడని సంగీతం: ప్లాస్టిక్ పీపుల్ చరిత్ర మీద హావెల్ నీడ

చెక్ రాక్ బృందం ప్లాస్టిక్ పీపుల్ ఆఫ్ ది యూనివర్స్ గురించి రాసేవాళ్లు దాదాపు అందరూ 1976 సెప్టెంబరులో మొదలుపెట్టి 1977 జనవరి 1న ఆపేస్తారు. ప్రాగ్ కోర్టులో విచారణ, దాని వెనకే మానవ హక్కుల ప్రకటన చార్టర్ 77. 1968 శరదృతువు నుంచి 1988 దాకా వాయించిన బృందానికి చరిత్రలో దక్కింది మూడు నెలల పైచిలుకు కాలం మాత్రమే. ఈ అన్యాయానికి మూలం ఎక్కడుందని వెతికితే, నేను అమితంగా గౌరవించే రచయిత దగ్గరికే చేరాను. ఆయన వాత్స్లావ్ హావెల్.

1978లో రాసిన 'శక్తిహీనుల శక్తి' వ్యాసంలో హావెల్ ఈ బృందాన్ని పరిచయం చేసిన తీరు అందరికీ తెలిసిందే. వీళ్లు రాజకీయ గతం లేని యువకులు. తమకు నచ్చినట్టు బతకాలని, తమకు ఇష్టమైన పాట పాడుకోవాలని తప్ప వీళ్లకు వేరే కోరిక లేదు. అలాంటివాళ్లను బంధించడమంటే జీవితం మీదే దాడి చేయడం. వాదనగా ఇది అద్భుతం. ఇదే ఆలోచన బలంతో అంతకుముందే తత్వవేత్తలు, పాత కమ్యూనిస్టులు, క్రైస్తవులు చార్టర్ అనే ఒకే కాగితం మీద సంతకాలు పెట్టగలిగారు. అయితే ఆ చిత్రంలో అమాయకులున్నారు గాని కళాకారులు లేరు. నా అభ్యంతరం ఇక్కడే.

బోనులో నిలబడింది ఎవరో చూద్దాం. ఇవాన్ మార్టిన్ యిరౌస్‌కు పద్దెనిమిది నెలల శిక్ష, డీజీ 307 బృందానికి చెందిన పావెల్ జాయీచెక్‌కు పన్నెండు, పాస్టర్ స్వాటోప్లుక్ కరాసెక్‌కు ఎనిమిది, సాక్సోఫోన్ వాద్యకారుడు వ్రతిస్లావ్ బ్రబెనెట్స్‌కు ఎనిమిది. నలుగురిలో ముగ్గురు ముప్పై దాటినవాళ్లు. ప్లాస్టిక్ పీపుల్‌లో వాయించేవాడు ఒక్క బ్రబెనెట్సే. బృంద స్థాపకుడు, స్వరకర్త మిలాన్ హ్లవ్సా ఆ బోనులో లేనే లేడు. అంటే, ఏ విచారణను పట్టుకుని బృంద చరిత్ర రాస్తున్నామో ఆ విచారణలో బృందం దాదాపు లేదు. యువకులన్న హావెల్ మాట హ్లవ్సాకు సరిపోతుంది, అతనికి అప్పటికి పాతికేళ్లేనన్న మాట నిజమే.

యిరౌస్ సంగతికి వద్దాం. ఆయన కళాచరిత్రకారుడు, బృందానికి కళా దర్శకుడు. 1970 ఆరంభంలో బృందం వృత్తి లైసెన్సు పోయింది, దానితోపాటు ప్రభుత్వం ఇచ్చిన వాద్య పరికరాలూ పోయాయి. యోసెఫ్ యానీచెక్ పాత ట్రాన్సిస్టర్ రేడియోల భాగాలతో యాంప్లిఫయర్లు తయారుచేశాడు. ఇక వాయించడానికి హాలు కావాలి. చిత్రకారుల సంఘంలో సభ్యుడైన యిరౌస్, ఆండీ వార్హోల్ మీద ఉపన్యాసమని చెప్పి హాలు తీసుకునేవాడు. కాసేపు స్లైడ్లు చూపించేవాడు. తరువాత ఉపన్యాసానికి ఉదాహరణగా బృందం వార్హోల్ అండతో ఎదిగిన వెల్వెట్ అండర్‌గ్రౌండ్ పాటలు వాయించేది. చరిత్రకారులు దీన్ని పోలీసుల కళ్లుగప్పిన తెలివిగా చెప్పి నవ్వుకుని వదిలేస్తారు. నేను వదలలేను. ఆ ఉపన్యాసం నిజంగా ఉపన్యాసమే. ఆ శ్రోతలు అమెరికన్ చిత్రకళ నుంచి రాక్ సంగీతానికి వెళ్లే దారిని ఒకే సాయంత్రం కళ్లతో చూశారు, చెవులతో విన్నారు. ఇంత స్పష్టమైన కళాసిద్ధాంతంతో నడిచిన రాక్ బృందం అప్పటి యూరప్‌లో మరొకటి ఉందనుకోను.

అసలు మలుపు 1972 ప్రాంతంలో వచ్చింది. కెనడా నుంచి వచ్చి ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుంటూ బృందంలో పాడుతున్న పాల్ విల్సన్ తప్పుకున్నాడు, బ్రబెనెట్స్ చేరాడు. చేరేముందు ఆయన షరతులు పెట్టాడు: పరాయి పాటలు వాయించకూడదు, పాడేది చెక్ భాషలోనే. ఏ అమాయకుడూ ఇలాంటి షరతు పెట్టడు. సొంత భాషలో రాక్‌కు ఛందస్సు వెతుక్కోవలసిన అవసరం అక్కడ పుట్టింది. ఆ అవసరమే వాళ్లను నిషిద్ధ కవి, తాత్వికుడు ఎగాన్ బాండీ దగ్గరికి తీసుకెళ్లింది.

హౌస్కా కోటలో 1974-75లో చేసిన రికార్డింగులే నా ప్రధాన ఆధారం. వీటిని బృందం చేయి పడకుండానే 1978లో ఫ్రాన్స్‌లో 'ఎగాన్ బాండీస్ హ్యాపీ హార్ట్స్ క్లబ్ బాన్డ్' పేరుతో విడుదల చేశారు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినాలి. హ్లవ్సా బాస్ గిటార్ మోట ఎద్దుల్లా కొద్దిపాటి స్వరాల బాటలోనే ముందుకూ వెనక్కూ నడుస్తుంది. దాని మీద కబెష్ వయోలా గీరుతుంది. బ్రబెనెట్స్ సాక్సోఫోన్ శ్రుతి అంచు దాటి అరుస్తుంది. గొంతు పాడదు, ఉచ్చరిస్తుంది. శ్రావ్యంగా తిప్పగలిగిన చోట కూడా తిప్పకుండా నిలబెడతారు. చేతగాక చేసిన పనైతే ఒకచోటైనా తడబాటు వినిపించాలి కదా? ఆ బిగువు పాట తరువాత పాటలో సడలదు.

'జాత్స్‌పా' అనే పాట మలబద్ధకం గురించి. ఇలాంటి మాటల్నే ప్రాసిక్యూషన్ అసభ్యత అంది. సమర్థించినవాళ్లు కుర్రకారు చిలిపితనమని సర్దిచెప్పారు. రెండూ తప్పే. బాండీ 1950 ప్రాంతంలోనే 'సంపూర్ణ వాస్తవికత' పేరుతో ఒక కవితా పద్ధతిని నిలబెట్టాడు: అలంకారం లేకుండా, ఉన్నది ఉన్నట్టు, నీచమైనదాన్ని ఘనమైనదాని పక్కనే పెట్టి రాయడం. అప్పుడు అచ్చు దొరకని ఆ కవిత్వం 'పూల్నోత్స్' అనే రహస్య ప్రచురణల్లో టైపు ప్రతులుగా తిరిగింది. పాతికేళ్ల తరువాత ఆ పద్ధతికి హ్లవ్సా స్వరం దొరికింది. అలంకారం వదిలిన కవితకు శ్రావ్యత వదిలిన సంగీతం. ఇంతకంటె పొందికైన జోడీని నేను వినలేదు. 1988లో బృందం విడిపోయాక హ్లవ్సా, కబెష్, యానీచెక్ కలిసి పెట్టిన కొత్త బృందం పేరు కూడా పూల్నోత్సే. దీన్ని కాకతాళీయమని నమ్మలేను. యుద్ధానంతర చెక్ ప్రయోగ కవిత్వానికి చివరి అధ్యాయం పుస్తకాల్లో లేదు, ఈ టేపుల్లో ఉంది.

హావెల్ ఆ వ్యాసం రాసిన 1978లోనే హ్రాదెచెక్‌లోని ఆయన ఇంట్లోనే బృందం 'ఈస్టర్ క్రీస్తు యాతన నాటకం' రికార్డు చేసింది. పాఠం కూర్చింది బ్రబెనెట్స్. పాట తరువాత పాట వచ్చే రాక్ పద్ధతిని వదిలి, బైబిల్ కథను ఏకధారగా నడిపించే సుదీర్ఘ రచన అది. తన ఇంటి కప్పు కింద అంతటి రచన తయారైన ఏడాదే ఆయన ఈ బృందాన్ని ఇష్టమైన పాట పాడుకునే యువకులుగా వర్ణించారు! యిరౌస్ వినిపించిన టేపులు తనను కదిలించాయని 1980ల మధ్యలో ఇచ్చిన సుదీర్ఘ సంభాషణలో హావెల్ చెప్పారు, కాని లోకం గుర్తుపెట్టుకున్నది 1978 వ్యాసాన్నే.

యిరౌస్ 1975లో రాసిన 'మూడవ చెక్ సంగీత పునరుజ్జీవనంపై నివేదిక'ను దీని పక్కన పెట్టి చదవాలి. అధికారిక సంస్కృతితో పోటీపడకుండా, దాని గుర్తింపు కోరకుండా, విడిగా 'రెండవ సంస్కృతి'ని కట్టుకోవాలని అందులో ప్రతిపాదించాడు. అప్పటికి పోస్తుపిత్సెలో ఆ పేరుతో ఒక ఉత్సవం జరిగిపోయింది కూడా. 1976 ఫిబ్రవరిలో బోయనోవిత్సెలో జరిగిన రెండో ఉత్సవం యిరౌస్ పెళ్లి వేడుక. చార్టర్ తరువాత అందరూ మాట్లాడిన సమాంతర సమాజం అనే ఊహకు ఆచరణ ఇక్కడే దొరుకుతుంది. కాబట్టి చార్టర్ ప్లాస్టిక్ పీపుల్‌ను కాపాడిందని రాయడం తలకిందుల చరిత్ర. చార్టర్‌కు రూపం ఇచ్చింది ఈ సంగీతమే.

1997లో చార్టర్ ఇరవై ఏళ్ల సందర్భంగా, అప్పటికి అధ్యక్షుడైన హావెల్ సూచన మీద బృందం మళ్లీ కలిసింది. సంతోషించదగిన సంగతే. కాని అప్పుడూ వాళ్లను పిలిచింది చార్టర్ పేరుతోనే. 2001 జనవరిలో హ్లవ్సా పోయాడు. 2006లో టామ్ స్టాపర్డ్ 'రాక్ అండ్ రోల్' నాటకం మరోసారి బృందాన్ని రాజకీయ కథలోనే నిలబెట్టింది.

బ్రబెనెట్స్‌ను 1982లో దేశం విడిచిపోయేలా చేసిన తరువాత వచ్చిన 'హొవ్యెజీ పొరాజ్కా', 'పూల్నొచ్నీ మిష్' ఆల్బములు నా దృష్టిలో హ్లవ్సా స్వరరచనకు శిఖరాలు. వాటి చుట్టూ విచారణ లేదు, సంతకాలు లేవు. అందుకే వాటి మీద వ్యాసాలూ అరుదు. తరువాతి పరిశోధన 1974-75 హౌస్కా టేపులను ఈ రెండింటి పక్కన పెట్టి, హ్లవ్సా బాస్ ఏ దశలో ఎలా మారిందో స్వరం స్వరం రాయడంతో మొదలు కావాలి.