ఉద్వాసన
సాఫ్ట్‌వేర్ కంపెనీలు పునర్వ్యవస్థీకరణ అన్నప్పుడల్లా మన పత్రికల్లో ‘ఉద్యోగులకు ఉద్వాసన’ అని శీర్షిక పడుతుంది. ఆ మాట చూస్తే నాకు వినాయక చవితి పూజ గుర్తొస్తుంది. ఆవాహనతో దేవుణ్ణి పిలిచి, ఆసనమిచ్చి, నైవేద్యం పెట్టి, చివర్లో అక్షతలు వేసి, పత్రి మధ్య ఉన్న మట్టి విగ్రహాన్ని కొద్దిగా కదుపుతారు. అదే ఉద్వాసన, మళ్లీ రమ్మని కోరుతూ సాగనంపడం. ఆవాసం, నివాసం, ప్రవాసం పుట్టిన ‘వస్’ ధాతువే దీనికీ మూలం. ‘ఉత్’ చేరి, ఉన్నచోటి నుంచి లేపడమైంది. వెళ్లగొట్టడమనే అర్థం సంస్కృతంలోనూ ఉంది కాబట్టి పత్రికలది తప్పనలేం. కానీ తెలుగింట్లో ఆ మాటకున్న మర్యాద శీర్షికలో మిగల్లేదు. శిక్షగా తీసేయడానికి పారసీకం నుంచి వచ్చిన ‘బర్తరఫ్’ ఉంది. మొదట దానర్థం పక్కకు పెట్టడమే. ‘లేఆఫ్’ను కూడా ఇప్పుడు ఉద్వాసన అనే రాస్తున్నారు. 2025 దాకా అమల్లో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో లేఆఫ్ అంటే బొగ్గో, కరెంటో, ముడిసరుకో లేక కొన్నాళ్లు పని ఇవ్వలేకపోవడం. కార్మికుడి పేరు మస్టర్ రోల్‌లోనే, అంటే హాజరు పట్టీలోనే ఉండేది, అర్హులకు సగం వేతనం పరిహారంగా అందేది. శాశ్వతంగా తీసేస్తే అది రిట్రెంచ్‌మెంట్. ఆ సంస్థే మళ్లీ మనుషుల్ని తీసుకుంటే, తీసేసినవాళ్లకే ముందు అవకాశమివ్వాలని 25హెచ్ సెక్షన్ చెప్పింది. సంస్థలో మార్పులు తెచ్చే మానవ వనరుల అధికారులు ఈ తేడా పాటించాలి. రాసే మనమూ ‘తొలగింపు’ అనో ‘తాత్కాలికంగా పని నిలిపివేత’ అనో విడదీసి రాస్తే, చదివే ఉద్యోగికి తన పేరు హాజరు పట్టీలో ఉందో లేదో తెలుస్తుంది.