పొగకుండ, ఉచ్చు, తుపాకి: మన వేటలో ఎవరి నీతి వారిది

వేట గురించి మన సంఘాల పుస్తకాల్లో రాసేటప్పుడు ఒక అలవాటు పడిపోయింది. పూర్వీకులు ప్రకృతిని తల్లిలా చూశారు, అవసరానికి మించి ఏ ప్రాణి జోలికీ పోలేదు అని రెండు వాక్యాలు రాసి ముగిస్తాం. బయటివాళ్ళు రాస్తే ఇంకా తేలిక. ఎలుకలు తినేవాళ్ళు, పాములు పట్టేవాళ్ళు అని ఒక్క వాక్యంతో సరిపెడతారు. ఈ రెండూ చదివి పెరిగిన పిల్లలకు వేట అంటే ఏమిటో తెలియదు, వేటగాడు ఏం ఆలోచించేవాడో అసలే తెలియదు. వింజమూరు, ఉదయగిరి, ఆత్మకూరు పక్క పల్లెల్లో మన యానాది పెద్దల మధ్య కూర్చుని వేట మాట ఎత్తి చూడండి. కాసేపట్లో వాదన మొదలవుతుంది. కలుగుకు పొగ పెట్టాలా, తవ్వాలా? ఉచ్చు పెట్టి ఇంటికి వచ్చి పడుకోవచ్చా? పెంపుడు పిట్టను చూపించి అడవి పిట్టను పట్టడం మోసం కాదా? ఇద్దరు పెద్దలు ఒకే మాట చెప్పరు. ఆ వాదన కూడా మన చరిత్రలో భాగమే కాబట్టి ఇక్కడ రాస్తున్నాం.

ముందు నేల సంగతి. మనది మెట్ట. పడమట వెలిగొండలు, దక్షిణాన పెన్న, మధ్యలో చెరువుల కింద కాస్త మాగాణి, మిగతాదంతా రాతి నేల, ముళ్ళ తుప్పలు, చిట్టడవి. తూర్పున శ్రీహరికోటలో ఉన్న మనవాళ్ళ బతుకు వేరు. 1835లో ఆ దీవిని కుంపిణీ ప్రభుత్వం తీసుకున్నాక వాళ్ళు తేనె, మైనం లాంటి అటవీ సరుకులు సర్కారుకు అప్పగించి గింజలు తీసుకునేవాళ్ళు. ఇటు పక్క అలాంటి ఏర్పాటు లేదు. రైతు పొలం గట్టు, చెరువు, కొండ అంచు, ఈ మూడే మన వేట నేల. కొన్ని నెలలు రైతు దగ్గర కావలి, కూలి. కోతలయ్యాక ఎలుకలు. చెరువు అడుగంటితే చేపలు, తాబేళ్ళు. అదీ లేకపోతే కొండవైపు. ఒక్కో కాలానికి ఒక్కో పద్ధతి, ఒక్కో పద్ధతికి ఒక్కో లెక్క.

అన్నిటికంటే ఎలుక వేట గురించి ఎక్కువ చెప్పాలి. మనల్ని ఎక్కువగా ఎగతాళి చేసింది దాని పేరు మీదే. ఎక్కువ ఆలోచన ఉన్నదీ అందులోనే. కుప్పలు లేచాక గట్ల వెంబడి నడుస్తూ కలుగులు చూస్తారు. ఎక్కడ కొత్త మట్టి తోడి ఉంది, ఏ వాకిట పొట్టు రాలి ఉంది, ఏ కన్నానికి సాలెగూడు అల్లి ఉంది అని గమనిస్తారు. గూడు చెదరలేదంటే ఆ దారిన ఎలుక తిరగడం లేదని అర్థం. ఒక కలుగుకు దారులు చాలా ఉంటాయి. అన్నీ వెతికి మట్టితో మూసి ఒకటి వదులుతారు. అక్కడ మట్టికుండ మూతి ఆనించి, లోపల గడ్డి అంటించి, కుండకు చేసిన చిన్న బెజ్జం గుండా నోటితో ఊదుతారు. పొగ సొరంగమంతా పాకుతుంది. తర్వాత తవ్వి ఎలుకల్ని, అవి దాచుకున్న వెన్నుల్ని, గింజల్ని తీస్తారు.

పొగ పెట్టేవాళ్ళ వాదన ఇదీ: తక్కువ తవ్వుతాం కాబట్టి గట్టు నిలుస్తుంది. గట్టు తెగితే రైతు మళ్ళీ పిలవడు. పైగా పని త్వరగా అవుతుంది, ఎలుక కూడా పార దెబ్బలకు సగం తెగి గిలగిల్లాడదు. పొగ పెట్టనివాళ్ళ వాదన ఇంకోటి: లోపల ఏముందో చూడకుండా చంపడం వేట కాదు. తల్లి ఉందో, కళ్ళు తెరవని పిల్లలున్నాయో, ఎలుక కోసం దూరిన జెర్రిపోతు ఉందో పొగకేం తెలుసు? తవ్వుకుంటూ పోతే ప్రతి మూరకీ ఏముందో చూస్తాం, ఆగాలంటే ఆగొచ్చు. మరి పిల్లల గూడు బయటపడితే వదిలేయాలా? అక్కడ రైతు అడ్డొస్తాడు. పంట తినే ఎలుకను తుదముట్టించమనే కదా పిలిచింది. వేటగాడు ఒకపక్క జంతువుకు, ఇంకోపక్క గింజలు కొలిచే రైతుకు జవాబు చెప్పుకోవాల్సిన వ్యవహారం ఇది.

ఆ గింజల దగ్గర ఇంకో తగువు. కలుగులో దొరికిన వడ్లు ఎవరివి? పండించింది రైతు, మోసుకుపోయింది ఎలుక, తవ్వి తీసింది మనం. చాలాచోట్ల అవి పట్టినవాడివే అని ఊరి మాట ఉండేది. కొందరు రైతులు అందులోనూ వాటా అడిగేవాళ్ళని పెద్దలు ఇప్పటికీ చిరాగ్గా చెబుతారు. మా లెక్కలో అది కూలి. ఎలుక తినేసిన తర్వాత రైతుకు దక్కని దాన్ని మట్టిలోంచి ఏరి, కడిగి, ఎండబోసి, దంచుకున్న కూలి.

ఉచ్చు నీతి వేరు. కౌజు పిట్టకు, చెవులపిల్లికి ఉచ్చు వేసేవాడు అవి నడిచే దారి చదవాలి. పెంటికలు, రెట్టలు, ఒరిగిన గడ్డి చూసి చెప్పాలి. ఆ చదువు వరకు ఎవరూ తప్పు పట్టరు. ఉచ్చు పెట్టాక ఏం చేస్తాడన్న దగ్గరే మనిషికీ మనిషికీ తేడా. రాత్రి ఒకటికి రెండుసార్లు పోయి చూసేవాడున్నాడు. పొద్దెక్కాక తీరిగ్గా పోయేవాడూ ఉన్నాడు. వాడు పోయేసరికి పిట్ట తెల్లవార్లూ కొట్టుకుని చచ్చి ఉంటుంది, లేదా నక్క పాలై ఉంటుంది. పనయ్యాక ఉచ్చులన్నీ లెక్కపెట్టి విప్పుకు రావడం ఇంకో పట్టింపు. మరిచిన ఉచ్చు ఎవరి కోసమూ కాకుండా చంపుతూనే ఉంటుంది. ఇక దీమం. పెంచిన కౌజును పంజరంలో పెట్టి కూయిస్తే, అడవి కౌజు పోట్లాటకు వచ్చి ఉచ్చులో పడుతుంది. ఉచ్చు వేయడానికి వెనకాడని మనిషి కూడా దీమం అంటే ఒప్పుకోకపోవడం ఉంది. నమ్మి దగ్గరికొచ్చిన దాన్ని పట్టడమేమిటని అతని బాధ. రెండో మనిషికి ఇందులో తప్పే కనిపించదు. ఆకలికి ఉచ్చయితేనేం, దీమమయితేనేం?

మన పద్ధతులన్నీ మెత్తనివని చెప్పడం కూడా అబద్ధమే. ఉడుమును పట్టాక మాంసం చెడకూడదని కాళ్ళు వీపు మీదికి మడిచి కట్టి, బతికుండగానే సంతకు తెచ్చిన రోజులున్నాయి. దాన్ని ఆచారం అని సమర్థించే పని మేము పెట్టుకోము.

ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. ఏది వేటాడి తింటావన్న దాన్ని బట్టి మనలో మనమే హెచ్చుతగ్గులు పెట్టుకున్నాం. 1909లో అచ్చయిన థర్‌స్టన్ కులాలు, తెగల పుస్తకం ఏడో సంపుటంలో మంచి యానాదులు, చల్లా యానాదులు అన్న విభజన ఉంది. కప్పలు తినేవాళ్ళకు కప్పల యానాదులనే పేరు పడింది. రైతు ఇంట్లోకి రానిస్తే మంచి యానాది, రానివ్వకపోతే ఇంకొకడు. ఇందులో జంతువు మీద దయ ఎక్కడుంది? ఊరి పెద్దకులాల కొలబద్దను తెచ్చి మన పొయ్యిలకు పెట్టుకున్నాం, అంతే. వేట నీతి గురించి మాట్లాడేటప్పుడు దీన్ని కలపకూడదని మా పట్టు.

ఇప్పుడు తుపాకి. దొరల కాలంలో వేటకు ఇంకో నీతి వచ్చింది. ఎగిరే పిట్టనే కాల్చాలి, కూర్చున్నదాన్ని కాల్చరాదు. జంతువుకు తప్పించుకునే అవకాశం ఇవ్వాలి. ఈనే కాలంలో వేటాడరాదు. అమెరికాలో థియొడోర్ రూజ్‌వెల్ట్ 1887లో పెట్టిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు ఇలాంటి నియమాలకే పేరు మోసింది. వాటిలో మంచి లేదని అనము. ఈనే కాలం నియమం మన పెద్దల్లోనూ చాలామంది పాటించిందే. తేడా ఎక్కడంటే, దొరకు వేట ఆట. తప్పించుకున్న జంతువు అతని ఆటకు రుచి పెంచుతుంది. మనకు తప్పించుకున్న జంతువు అంటే పొయ్యి వెలగని రాత్రి. ఆటగాడి నీతిని తెచ్చి ఆకలిగొన్నవాడి మీద చట్టంగా పెట్టారు. మద్రాసు ప్రభుత్వం 1879లో నీలగిరులకు వేట జంతువుల, చేపల రక్షణ చట్టం చేసింది. 1882 మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవిలో నియమాలకు విరుద్ధంగా వేటాడటం, కాల్చడం, ఉచ్చులు పెట్టడం నేరమంది. నియమాల్లో లైసెన్సు ఉన్న తుపాకికి చోటు దొరికింది, కాణీ ఖర్చు లేని ఉచ్చుకు దొరకలేదు. అదే దొర వేటకు వస్తే జంతువును తోలడానికి, అడుగులు చూసి దారి చెప్పడానికి మాత్రం అడవి జాతుల మనిషే కావాలి.

అడుగులు చదవగలిగిన ఆ చూపే తర్వాత మన మీద అనుమానమైంది. రాత్రిపూట చప్పుడు లేకుండా నడిచేవాడు దొంగ కాక ఇంకేమవుతాడని పోలీసు లెక్క. నేరస్థ జాతుల చట్టం 1911 తర్వాత మద్రాసు రాజ్యంలో అమలయ్యాక యానాదులూ, ఎరుకలవాళ్ళూ హాజరు పట్టీలకు, సెటిల్‌మెంట్లకు చిక్కారు. కావలి పక్క కప్పరాళ్ళతిప్ప పేరు మన జిల్లాలో ఎవరికి తెలియదు? 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం పోయింది. దాని మీద పోరాడిన వెన్నెలకంటి రాఘవయ్యగారు 1962లో యానాదుల మీద రాసిన పుస్తకాన్ని మన పిల్లలు ఒక్కసారైనా తిరగేయాలి.

అదే చూపును గౌరవించినవాళ్ళూ లేకపోలేదు. పిట్టల శాస్త్రంలో పేరున్న థామస్ జెర్డన్ నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఇక్కడి జీవుల సంగతులు యానాదుల నుంచే తెలుసుకున్నాడు. నెల్లూరు, కడప మధ్య కొండ నేలల్లో ఉంటుందని అతను చెప్పిన పిట్టకు 1848లో శాస్త్రంలో పేరు పెట్టారు. అదే మన కలివికోడి. 1900 తర్వాత అది ఎవరికీ కనబడలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే స్థానిక వేటగాడు రాత్రిపూట లైటు వెలుగులో దాన్ని చేత్తో పట్టాడు. శాస్త్రజ్ఞులు ఎన్నో ఏళ్ళు వెతికినా దొరకనిది వేటగాడి లైటుకు దొరికింది. పట్టిన ఆ పిట్ట బతకలేదు, అది కూడా కథలో భాగమే. కానీ ఆ నేల అభయారణ్యం కావడానికి, తెలుగుగంగ కాలువ దారి మారడానికి ఆ రాత్రే మొదలు.

ఇక ఇప్పటి మాట. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంతో వేట దాదాపు ఆగిపోవాల్సి వచ్చింది. ఉడుము, అలుగు 1వ షెడ్యూలువి. వాటిని పట్టినవాడికి 3 నుంచి 7 ఏళ్ళ జైలు. చెవులపిల్లి కూడా రక్షిత జంతువే. ఎలుకను మాత్రం అప్పటి చట్టం పంటల చీడల జాబితాలో వేసి రక్షణ బయట ఉంచింది. 2006 అటవీ హక్కుల చట్టం సంప్రదాయ హక్కులన్నీ ఇస్తూనే వేట హక్కును పేరుపెట్టి మినహాయించింది. ఈ సంగతి తెలియక, మనది తరతరాల హక్కు కదా అని పోయి కేసుల్లో ఇరుక్కున్న పిల్లలున్నారు. వాళ్ళను పంపినవాడు ఇంకొకడు. నక్షత్ర తాబేలుకు ఇంత, అలుగు పొలుసుకు ఇంత అని చేతిలో నోట్లు పెట్టే దళారీ ఏ కేసులోనూ కనిపించడు. ఆ పని ఏ పద్ధతిలో చేసినా దాన్ని మేము వేట అనము. పొయ్యి మీదికి పోనిదాన్ని పట్టిస్తున్నాడు, పట్టినవాడికి దాని పేరు కూడా తెలియాల్సిన పని లేదు.

పంది కోసమని పొలాల్లో కరెంటు తీగ లాగడం ఇంకా ఘోరం. పొగకుండకు ఎదురుగా ఒక మనిషి కూర్చుని ఉంటాడు. ఉచ్చు వేసినవాడు తెల్లారేలోగా చూడటానికైనా వస్తాడు. తీగ లాగినవాడు ఇంట్లో పడుకుంటాడు. తగిలింది పందో, ఆవో, చెంబు పట్టుకుని పొలంలోకి పోయిన మనిషో తీగకు తెలియదు. పెద్దల మధ్య అన్ని వాదనలున్నాయి కదా, ఈ ఒక్కదానికి సమర్థన చెప్పినవాళ్ళు మాకు తగల్లేదు.

పక్క రాష్ట్రంలో ఇరులవాళ్ళ దారి చూడండి. మనలాగే ఎలుకలు, పాములు పట్టే జాతి. 1972 చట్టంతో పాము చర్మాల వ్యాపారం మూతపడితే బతుకు పోయింది. 1978లో రోములస్ విటేకర్ తోడ్పాటుతో మహాబలిపురం దగ్గర పాములు పట్టేవాళ్ళ సహకార సంఘం పెట్టుకున్నారు. అటవీశాఖ అనుమతితో నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి పట్టి తెస్తారు. కొన్ని వారాలు ఉంచుకుని విషం తీసి, తిరిగి అడవిలో వదిలేస్తారు. వదిలేముందు పొట్ట కింది పొలుసులను కొద్దిగా కత్తిరించి గుర్తు పెడతారు. అదే పాము మళ్ళీ చేతికొస్తే గుర్తు చూసి వదిలేస్తారు. పాముకాటుకు ఆసుపత్రుల్లో వేసే మందు తయారయ్యేది ఇలాంటి విషంతోనే. అక్కడి మాసి సడయన్, వడివేల్ గోపాల్ 2017లో అమెరికాలోని ఫ్లోరిడా వెళ్ళి, చిత్తడి అడవుల్లో దాక్కున్న కొండచిలువల జాడ తీసిచ్చారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది.

మన పక్క అలాంటి సంఘం లేదు. కావలసిన పనితనం ఇంకా ఉంది, చాలావరకు అరవై దాటినవాళ్ళ చేతుల్లో. కోతల కాలంలో వింజమూరు పక్క ఏ చెరువు కింది పొలానికి పోయినా గట్ల వెంట వాళ్ళు కనిపిస్తారు. ఫోను పక్కన పెట్టి ఒక పూట వెంట నడిస్తే, సాలెగూడు ఉన్న కన్నమేదో, లేని కన్నమేదో చూపిస్తారు. పొగ పెట్టాలా తవ్వాలా అన్నది మాత్రం అక్కడ మీరే ఆ ఇద్దరు పెద్దల మధ్య కూర్చుని తేల్చుకోవాలి.