యుద్ధవిమానాలు ఎన్ని కూలాయి? లెక్క ఎలా తేలుతుంది?

2025 మే 7 తెల్లవారుజామున 'ఆపరేషన్ సిందూర్' మొదలైన కొన్ని గంటలకే భారత్‌కు చెందిన ఐదు యుద్ధవిమానాలను కూల్చేశామని పాకిస్తాన్ ప్రకటించింది. తర్వాత ఆ సంఖ్యను ఆరుకు పెంచింది. భారత్ వెంటనే అవునని గానీ కాదని గానీ అనలేదు. మే 11న ఎయిర్ మార్షల్ ఏకే భారతి, పోరాటంలో నష్టాలు సహజమని, పైలట్లంతా క్షేమంగా తిరిగి వచ్చారని మాత్రం చెప్పారు.

మే 31న సింగపూర్‌లో త్రివిధ దళాధిపతి జనరల్ అనిల్ చౌహాన్ విమానాలు కోల్పోయిన మాట నిజమేనని తొలిసారి ఒప్పుకున్నారు. ఎన్ని అన్నది చెప్పలేదు. ఆరు అన్న లెక్క మాత్రం పూర్తిగా తప్పన్నారు. ఆగస్టు 9న బెంగళూరులో వైమానిక దళాధిపతి ఏపీ సింగ్ మాట్లాడుతూ పాకిస్తాన్‌కు చెందిన ఐదు యుద్ధవిమానాలను, ఒక పెద్ద విమానాన్ని కూల్చామన్నారు. ఒక్కటి కూడా కూలలేదని పాకిస్తాన్ రక్షణ మంత్రి ఖ్వాజా ఆసిఫ్ బదులిచ్చారు. పాక్ సైన్యం మే నెలలో ఒప్పుకున్నది ఒక విమానానికి స్వల్ప నష్టం జరిగిందని మాత్రమే.

రెండు దేశాల మాటా ఒకేసారి నిజం కావడం కుదరదు. మరి ఒక విమానం కూలిందని నిర్ధరించడానికి ఏం కావాలి?

మూడూ ఒకటి కాదు

ఇలాంటి వార్తల్లో మూడు వేర్వేరు విషయాలు కలగలిసిపోతుంటాయి. కూల్చామని ఒక పక్షం చేసే ప్రకటన మొదటిది. పోగొట్టుకున్నామని రెండో పక్షం ఒప్పుకోవడం రెండోది. ఎవరి మాటతోనూ పని లేకుండా కంటికి కనిపించే ఆధారం మూడోది. వీటిలో అన్నిటికన్నా బలహీనమైనది మొదటిదే.

కూల్చామని చెప్పేవారు ప్రతిసారీ అబద్ధమాడుతున్నారని దీనర్థం కాదు. క్షణాల్లో ముగిసే పోరులో ఒకే విమానంపై ఇద్దరు కాల్పులు జరిపి, ఇద్దరూ తమ ఖాతాలో వేసుకోవచ్చు. పొగ చిమ్ముతూ కిందికి దిగిన విమానం కూలిందనుకుంటే, అది తన స్థావరానికి చేరి ఉండొచ్చు. 1940 సెప్టెంబర్ 15న ఒక్కరోజే 185 జర్మన్ విమానాలను కూల్చామని బ్రిటన్ ప్రకటించింది. యుద్ధం తర్వాత జర్మన్ రికార్డులు చూస్తే ఆ సంఖ్య సుమారు 60 అని తేలింది.

శకలాలు చెప్పేవి, చెప్పలేనివి

విమానం కూలితే శకలాలు మిగులుతాయి. ఇంజిన్ ఆకారం, తోకపై ఉన్న అంకెలు, విడిభాగాలపై ముద్రించిన నంబర్లను బట్టి అది ఏ రకమో, కొన్నిసార్లు ఏ విమానమో కూడా చెప్పవచ్చు. 2025 మేలో పంజాబ్‌లోని బఠిండా సమీపంలో పడిన శకలాల ఫొటోలను విదేశీ నిపుణులు ఇలాగే పరిశీలించారు. మూడు చోట్ల దొరికిన శకలాలను బట్టి కనీసం రెండు ఫ్రాన్స్ తయారీ యుద్ధవిమానాలు కూలినట్టు కనిపిస్తోందని, అవి రఫేల్, మిరాజ్-2000 రకాలవని వాషింగ్టన్ పోస్ట్ రాసింది.

అయితే ఫొటో ఎప్పటిదో ముందు తేలాలి. 2021లో పంజాబ్‌లోని మోగా జిల్లాలో కూలిన మిగ్-21 ఫొటో, 2024లో రాజస్థాన్‌లోని బాడ్మేర్ దగ్గర కూలిన మిగ్-29 ఫొటో 2025 మేలో కొత్తవిగా తిరిగాయి. వీడియో గేమ్ దృశ్యాలు కూడా అసలు పోరుగా చలామణీ అయ్యాయి.

ఫొటో నిజమైనదే అయినా అందులో ఉన్నది విమానమేనా అన్నది చూడాలి. పోరులో బరువు తగ్గించుకోవడానికి పైలట్లు అదనపు ఇంధన ట్యాంకులను వదిలేస్తారు. పొలంలో ట్యాంకు దొరికినంత మాత్రాన విమానం కూలినట్టు కాదు.

ఉపగ్రహ చిత్రాలకూ పరిమితి ఉంది. పాకిస్తాన్‌లోని భోలారీ స్థావరంలో ఒక హ్యాంగర్ పైకప్పు దెబ్బతిన్నట్టు చిత్రాల్లో స్పష్టంగా కనిపించింది. ఆ సమయంలో లోపల ఏముందో పైకప్పుకు పడిన రంధ్రం చెప్పదు.

పైలట్ దొరికితే

1971 నవంబర్ 22న బోయ్రా దగ్గర భారత నాట్ విమానాలు మూడు పాకిస్తాన్ సేబర్లను కూల్చాయని ప్రకటన వెలువడింది. ఇద్దరు పాక్ పైలట్లు పారాచూట్లతో దిగి పట్టుబడ్డారు. వారిలో ఒకరైన పర్వేజ్ మెహదీ ఖురేషీ తర్వాతి కాలంలో పాక్ వైమానిక దళాధిపతి అయ్యారు. కాబట్టి రెండు విమానాల విషయంలో వాదన లేదు. మూడో సేబర్ మాత్రం బాగా దెబ్బతిన్నా ఢాకాలోని తేజ్‌గావ్ స్థావరానికి చేరుకుందని తర్వాత తెలిసింది. మన పైలట్లు చూసింది నిజమే, కానీ దాని ముగింపు వారికి కనిపించలేదు.

రాడార్ తెరపై ఎఫ్-16

2019 ఫిబ్రవరి 27న వింగ్ కమాండర్ అభినందన్ వర్ధమాన్ నడిపిన మిగ్-21 కూలిందనడంలో ఎవరికీ సందేహం లేదు. శకలాలూ పైలటూ పాకిస్తాన్ చేతికి చిక్కారు. ఆయన కూల్చినట్టు భారత్ చెబుతున్న ఎఫ్-16పైనే వివాదం.

భారత్ మొదట అమ్రామ్ క్షిపణి ముక్కను చూపింది. అది ఎఫ్-16 వాడినట్టు చెబుతుంది, కూలినట్టు కాదు. పాక్ ఎఫ్-16లు అన్నీ లెక్కకు సరిపోయాయని అమెరికా అధికారులు చెప్పినట్టు ఏప్రిల్‌లో ఫారిన్ పాలసీ పత్రిక రాసింది. అమెరికా ప్రభుత్వం దాన్ని బహిరంగంగా ధ్రువీకరించలేదు. ఆ తర్వాత కొద్ది రోజులకే, ఏప్రిల్ 8న, భారత వైమానిక దళం రాడార్ చిత్రాలు విడుదల చేసి, తెరపై నుంచి ఒక ఎఫ్-16 మాయమైందని వివరించింది. ఆ పోరుకు గాను అభినందన్‌కు వీర చక్ర దక్కింది. పాకిస్తాన్ నేటికీ ఒప్పుకోలేదు.

రాడార్ తెరపై గుర్తు మాయమవడం బలమైన సూచనే. కానీ విమానం బాగా కిందికి దిగినా గుర్తు మాయం కావచ్చు. అందుకే శకలమో, పైలటో, రికార్డో తోడైతే తప్ప వివాదం ముగియదు.

కూలింది సరే, ఎలా, ఎక్కడ?

1999 మే 27న కార్గిల్‌లో తెలుగు కుటుంబానికి చెందిన ఫ్లైట్ లెఫ్టినెంట్ కంభంపాటి నచికేత నడిపిన మిగ్-27 కూలింది. ఆయన పాక్ సైన్యానికి చిక్కి జూన్ 3న విడుదలయ్యారు. విమానాన్ని తామే కూల్చామని పాకిస్తాన్ అంది. ఇంజిన్ ఆగిపోవడం వల్ల కూలిందని భారత్ చెప్పింది. నష్టం ఒకటే, కారణాలు మాత్రం రెండు.

అదే ఏడాది ఆగస్టు 10న గుజరాత్‌లోని కచ్ సరిహద్దులో భారత మిగ్-21లు పాకిస్తాన్ అట్లాంటిక్ నిఘా విమానాన్ని కూల్చాయి. అందులోని 16 మందీ చనిపోయారు. కూల్చలేదని భారత్ అనలేదు, కూలలేదని పాకిస్తాన్ అనలేదు. గొడవంతా ఎవరి భూభాగంపై అన్నదే. శకలాలు సరిహద్దుకు అటూ ఇటూ చిత్తడి నేలలో పడటంతో ఇద్దరి దగ్గరా 'రుజువులు' ఉన్నాయి. కేసు తన పరిధిలోకి రాదని 2000 జూన్ 21న అంతర్జాతీయ న్యాయస్థానం తేల్చడంతో ఆ ప్రశ్నపై తీర్పే రాలేదు.

కొన్నిసార్లు కూల్చింది శత్రువే కాకపోవచ్చు. అభినందన్ విమానం కూలిన రోజే శ్రీనగర్ సమీపంలోని బడ్‌గామ్‌లో ఎంఐ-17 హెలికాప్టర్ కూలి ఆరుగురు వాయుసేన సిబ్బంది, ఒక పౌరుడు మరణించారు. అది మన క్షిపణి తగిలే కూలిందని, పెద్ద తప్పిదమని అప్పటి వైమానిక దళాధిపతి భదౌరియా ఒప్పుకున్నది అక్టోబర్ 4న. అసలు కారణం అధికారికంగా వినడానికి ఆ కుటుంబాలకు ఏడు నెలలు పట్టింది.

23 ఏళ్ల తర్వాత వచ్చిన పతకం

1965 సెప్టెంబర్ 7న సర్గోధా స్థావరంపై దాడికి వెళ్లిన స్క్వాడ్రన్ లీడర్ ఏబీ దేవయ్య తిరిగి రాలేదు. ఆయన ఆచూకీ తెలియలేదని మాత్రమే మన రికార్డులు చెప్పాయి. 1979లో బ్రిటిష్ రచయిత జాన్ ఫ్రికర్ పాక్ వైమానిక దళం సహకారంతో రాసిన పుస్తకంలో, ఆ రోజు ఒక మిస్టేర్ విమానం తమ ఎఫ్-104 స్టార్‌ఫైటర్‌తో తలపడి దాన్ని కూల్చిందన్న వివరం ఉంది. స్టార్‌ఫైటర్ పైలట్ పారాచూట్‌తో బయటపడ్డారు. దాడికి వెళ్లి తిరిగొచ్చిన భారత పైలట్లలో ఎవరూ అలాంటి పోరు చేయలేదు. రాని వ్యక్తి ఒక్కరే. 1988లో దేవయ్యకు మరణానంతరం మహావీర చక్ర ప్రకటించారు.

ఆ విజయం గురించి భారత్ ఎన్నడూ ప్రకటించుకోలేదు. ప్రత్యర్థి పక్షం నుంచి వచ్చిన వివరమే దాన్ని బయటపెట్టింది. కూల్చినవారి చిట్టా కన్నా కోల్పోయినవారి చిట్టాయే నమ్మదగిందని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ప్రతి యుద్ధవిమానానికీ ఒక సీరియల్ నంబర్ ఉంటుంది. అది ఎప్పుడు చేరిందీ, ఎప్పుడు తొలగిందీ వైమానిక దళం పుస్తకాల్లో నమోదవుతుంది. 2025 మే లెక్క కూడా చివరికి అక్కడే తేలాలి. ఇరు దేశాల పుస్తకాలూ తెరుచుకునేదాకా ఐదు, ఆరు అన్నవి ప్రకటనలుగానే మిగులుతాయి. కనిపించిన శకలాలు, ఒప్పుకున్న నష్టాలు మాత్రం ఏ పక్షానివైనా వాస్తవాలే.