బిడ్డ బరువు రాసుకుంటారు, తల్లి నిద్ర ఎవరు అడుగుతారు?

కాన్పయి ఇంటికొచ్చిన బాలింత దగ్గరికి ఆశా కార్యకర్త రావాలి. ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆరుసార్లు. ఇంట్లోనే అయితే మొదటి రోజు కూడా కలిపి ఏడుసార్లు. బిడ్డను తూచాలి, ఒళ్లు వేడి చూడాలి, బొడ్డు చూడాలి, పాలు తాగుతోందా అని కనుక్కోవాలి. తల్లిని జ్వరం గురించి, రక్తస్రావం గురించి అడగాలి. "నిద్ర పడుతోందా? ఊరికే ఏడుపొస్తోందా? చచ్చిపోవాలనిపిస్తోందా?" అని అడిగేవాళ్లు మాత్రం అరుదు. మాలపల్లెలోనో మాదిగవాడలోనో అయితే అంతకంటే ముందు ఇంకో ప్రశ్న ఉంది. వచ్చినామె గడప దాటి లోపలికి వచ్చిందా, వీధిలో నిలబడే పిలిచి వెళ్లిపోయిందా?

గర్భిణుల, బాలింతల మానసిక ఆరోగ్యం అనగానే కొత్త పథకం కావాలనే మాట వస్తుంది. మా అభిప్రాయం వేరు. ఇంటికి వెళ్లే ఏర్పాటు ఇప్పటికే ఉంది, చట్టం ఉంది, పనిచేస్తుందని రుజువైన పద్ధతి ఉంది. లేనిది అడిగే మనిషి, అడిగాక చికిత్స దాకా తీసుకెళ్లే దారి.

ఏది మామూలు, ఏది జబ్బు

కాన్పయిన రెండు మూడు రోజులకు ఏడుపు, చిరాకు చాలామందికి వస్తాయి. రెండు వారాల్లోపే తగ్గిపోతాయి. వీటికి మందులక్కరలేదు, మనుషుల తోడు చాలు. రెండు వారాలు దాటినా దిగులు పోకపోతే, బిడ్డ నిద్రపోతున్నా తనకు కన్ను మూతపడకపోతే, తిండి సయించకపోతే, "నేను పనికిరాని తల్లిని" అనే ఆలోచనే తిరుగుతుంటే అది డిప్రెషన్ కావచ్చు. ఇది కడుపుతో ఉన్నప్పుడే మొదలయ్యే సందర్భాలూ ఉంటాయి.

మూడోది సైకోసిస్. వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి వస్తుంది, సాధారణంగా మొదటి రెండు వారాల్లోనే. నిద్ర పూర్తిగా పోతుంది, లేని మాటలు వినిపిస్తాయి, బిడ్డ తనది కాదనో బిడ్డకు ఎవరో కీడు తలపెట్టారనో గట్టిగా నమ్ముతుంది. మన ఊళ్లలో దీన్నే "గాలి సోకింది" అంటారు. తాయెత్తు కట్టించే లోపు విలువైన రోజులు పోతాయి. తాయెత్తు కట్టినవాళ్లను తిట్టి లాభం లేదు. ఆస్పత్రికంటే భూతవైద్యుడే దగ్గర్లో ఉన్నాడు, పేరుపెట్టి పలకరించాడు, లోపల కూర్చోబెట్టాడు. కానీ ఇది అత్యవసర స్థితి. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఈలోగా తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలకూడదు. సరైన చికిత్సతో చాలామంది కోలుకుంటారు.

మందుల సంగతీ చెప్పాలి. "పాలిచ్చే తల్లి మందులు మింగకూడదు" అనేది అన్నిటికీ వర్తించే మాట కాదు. సెర్ట్రాలిన్ వంటి డిప్రెషన్ మందులను పాలిచ్చే తల్లులకు డాక్టర్లు రాస్తూనే ఉంటారు. సోడియం వాల్‌ప్రోయేట్ సంగతి వేరు, అది కడుపులోని బిడ్డకు హాని చేస్తుంది. కడుపుతో ఉన్నామని తెలిసి మందులన్నీ ఒక్కసారిగా మానేయడమూ ప్రమాదమే. డాక్టరును అడిగి మార్చుకోవాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన అభివృద్ధి చెందుతున్న దేశాల్లో గర్భిణుల్లో 15.6 శాతం, బాలింతల్లో 19.8 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో, ముఖ్యంగా డిప్రెషన్‌తో బాధపడుతున్నారు. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి చూసి 2017లో ఆ సంస్థ బులెటిన్‌లో వచ్చిన సమీక్ష, కాన్పు తర్వాత డిప్రెషన్ 22 శాతం మందిలో ఉందని అంచనా వేసింది. కారణాలుగా అది చూపినవి డబ్బు ఇబ్బందులు, ఇంట్లో హింస, భర్త తోడు లేకపోవడం, ఆడపిల్ల పుట్టడం. ఆ 22లో ఏ కులం ఆడవాళ్లు ఎందరో ఆ లెక్క చెప్పదు. కానీ ఆ కారణాల జాబితా చదివితే కూలిపనికి వెళ్లే దళిత స్త్రీ జీవితం కళ్లముందు కదులుతుంది. 2017 సవరణ తర్వాత ప్రసూతి చట్టం 26 వారాల సెలవు ఇస్తోంది. నాట్లకూ కలుపుకూ వెళ్లే ఆమెకు సెలవిచ్చే యజమాని ఎవరు? పచ్చి ఒంటితో పొలంలో దిగడం ఆమెకు ఇష్టమై కాదు, అప్పు ఉండబట్టి.

దీనిమీద కులం అవమానం. 2010లో సంఘమిత్ర ఆచార్య గుజరాత్, రాజస్థాన్ గ్రామాల్లో దళిత పిల్లలకు వైద్యం ఎలా అందుతోందో పరిశీలించారు. తాకకుండా మందివ్వడం, ఇంట్లోకి రాకపోవడం, తక్కువ సమయం కేటాయించడం అందులో నమోదయ్యాయి. ఒంటికి తగిలిన గాయం చూపించడానికే అంత దూరం పెట్టేచోట మనసులో మాట ఎవరు చెప్పుకుంటారు? మా సమావేశాల్లో పురిటి గదిలో పడిన తిట్ల గురించి ఆడవాళ్లు నవ్వుతూ చెప్తారు. ఆ నవ్వు చూసి మేము చాలాకాలం మోసపోయాం.

దారి ఎక్కడ తెగుతోంది

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో దేశంలో నాలుగు జిల్లాల్లో మొదలైంది, వాటిలో మెదక్ ఒకటి. దాని ఉద్దేశం మానసిక వైద్యాన్ని పెద్దాసుపత్రి నుంచి జిల్లాకు, అక్కడి నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి దించడం. ఇన్నేళ్ల తర్వాతా చాలామందికి మానసిక వైద్యం అంటే హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు. ఆ ఊరి పేర్లే తిట్లయిపోయాయి. మూడు వారాల పసిగుడ్డుతో అంత దూరం బస్సెక్కి వెళ్లమంటే ఎవరు వెళ్తారు? వెళ్లినా బిడ్డను ఎక్కడ ఉంచాలి? తల్లీబిడ్డలను కలిపి చేర్చుకునే ప్రత్యేక వార్డు బెంగళూరు నిమ్హాన్స్‌లో ఉంది, ఐదు పడకలతో మొదలైంది. ఇలాంటివి దేశంలో వేళ్లమీద లెక్కపెట్టేటన్ని.

చట్టం మాత్రం స్పష్టంగా ఉంది. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 లోని సెక్షన్ 18 ప్రతి మనిషికీ ప్రభుత్వ మానసిక వైద్యం పొందే హక్కు ఇస్తుంది. వివక్ష చూపరాని కారణాల్లో కులాన్ని పేరు పెట్టి చెప్పింది. పేదరికపు గీత కింద ఉన్నవారికి, కార్డు ఉన్నా లేకపోయినా, ప్రభుత్వ సంస్థల్లో వైద్యం ఉచితం. "కార్డు తెచ్చావా?" అని కౌంటర్ దగ్గర అడిగితే ఈ మాటే చెప్పాలి. సెక్షన్ 21 ప్రకారం చికిత్స పొందుతున్న తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా వేరు చేయకూడదు. బిడ్డకు ప్రమాదముందని వేరుచేస్తే ఆ నిర్ణయాన్ని పదిహేను రోజులకోసారి తిరిగి చూడాలి, 30 రోజులు దాటితే సంబంధిత అథారిటీ ఆమోదం కావాలి. అంటరానితనం కారణంగా ఆసుపత్రిలో చేర్చుకోకపోవడం, చేర్చుకున్నాక వివక్ష చూపడం 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం సెక్షన్ 5 కింద నేరం. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది, ఫోన్ నంబరు 15100.

ఇక పద్ధతి. పాకిస్తాన్‌లో రావల్పిండి చుట్టుపక్కల పల్లెల్లో అతీఫ్ రెహ్మాన్ బృందం ఊరి ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, వాళ్ల మామూలు ఇంటి సందర్శనల్లోనే దిగులుతో ఉన్న తల్లులతో మాట్లాడించింది. 2008లో లాన్సెట్‌లో ఫలితాలు వచ్చాయి. బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి శిక్షణ పొందిన కార్యకర్తలు వెళ్లిన తల్లుల్లో 23 శాతం మందికి, మిగతావారిలో 53 శాతం మందికి డిప్రెషన్ ఉంది. డాక్టర్లు కాదు, పెద్ద భవనాలు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో దీన్ని కరదీపికగా తెచ్చింది. గోవాలో ఇదే పనిని అదే వాడల్లో ఉండే మామూలు ఆడవాళ్లతో చేయించి చూశారు. రావల్పిండిలో వచ్చినంత పెద్ద తేడా రాలేదు కానీ మెరుగు కనిపించింది. మనకు పనికొచ్చే పాఠం ఇక్కడే ఉంది. వాడ మనిషే వస్తే గడప దగ్గర ఆగిపోయే ప్రశ్న ఉండదు. ఈ పద్ధతిలో మాకొక అభ్యంతరమూ ఉంది. తల్లిని ఒప్పించడానికి మాటంతా బిడ్డ ఆరోగ్యం చుట్టూ తిప్పుతారు. అత్తగారు తలుపు తీయడానికి అది పనికొస్తుంది, సరే. కానీ బిడ్డ కోసమే కాదు, తనకోసం కూడా ఆమె బాగుండాలి.

అడగడానికి ఎడిన్‌బరో ప్రశ్నావళి ఉంది. పది ప్రశ్నలు, గత ఏడు రోజుల గురించి. పదోది తనకు తాను హాని చేసుకునే ఆలోచన గురించి. దానికి అవునంటే మొత్తం మార్కులు ఎన్నున్నా ఆ రోజే కదలాలి. అచ్చు కాగితం చేతిలో లేకపోయినా నిద్ర, తిండి, ఏడుపు, ఇంట్లో కొట్టడం, చావు ఆలోచన, ఈ ఐదూ ఒంటరిగా కూర్చోబెట్టి అడగొచ్చు. అత్త, మగడు పక్కనుంటే నిజం రాదు. టెలి మానస్ నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బు అక్కరలేదు. ప్రాణాపాయం ఉంటే 108.

సంఘాలు అడగాల్సినవి మూడున్నాయి. ప్రతి నెలా 9వ తేదీన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గర్భిణులకు జరిగే ప్రత్యేక పరీక్షల రోజున మానసిక స్థితి కూడా అడిగి రాయాలి. ఆశాలకు శిక్షణతోపాటు దానికి వేరే పారితోషికం ఇవ్వాలి, ఎందుకంటే ఇప్పుడు ఆ ఇంటి సందర్శనలన్నిటికీ కలిపి ఇచ్చేది 250 రూపాయలు. మూడోది మాతృ మరణాల సమీక్ష. గర్భంలోనూ కాన్పు తర్వాత 42 రోజుల్లోనూ జరిగిన ఆత్మహత్యను నేరుగా మాతృ మరణంగా లెక్కించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో చెప్పింది. మన జిల్లాలో అలా ఎన్ని లెక్కించారు, వారిలో ఎస్సీ, ఎస్టీ స్త్రీలు ఎందరు అని సమాచార హక్కు దరఖాస్తు పెట్టడానికి పది రూపాయలు చాలు.